మా ఊరి సైటు బాగుందంటున్నారు, కానీ ఎవరూ వాడటం లేదు

ప్రశ్న: నేను తెనాలిలో ఉంటాను, రిటైరైన స్కూలు టీచర్ని. ఊళ్ళోవాళ్ళకి పనికొచ్చే విషయాలన్నీ ఒకచోట ఉండాలని మా వీధి కుర్రాడి సాయంతో ఒక వెబ్‌సైటు పెట్టాను. కరెంటు కోతలు, కుళాయి నీళ్ళ వేళలు, ఆదివారం తీసుండే మందుల షాపులు, డాక్టర్లు, అద్దె ఇళ్ళు, రక్తదాతల వివరాలు, ఊరి చరిత్ర మీద కొన్ని వ్యాసాలు అందులో ఉన్నాయి. డిజైన్ ఎలా ఉందో చెప్పమని మా వార్డు వాట్సాప్ గ్రూపులోనూ, పాత విద్యార్థుల గ్రూపులోనూ లింకు పెట్టాను. అందరూ ‘సూపర్ మేడం’ అన్నారు, చప్పట్ల బొమ్మలు పెట్టారు. ఒకాయన రంగు మార్చమన్నారు, ఎందుకో చెప్పలేదు. బెంగళూరులో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసే మా తమ్ముడి కొడుకు, ఇది పాతకాలం డిజైన్ అత్తా, మొత్తం తీసేసి మళ్ళీ చెయ్యాలంటున్నాడు. మా వార్డు నాయకులొకరు తన ఫొటో పైన వెయ్యమంటున్నారు. ఇంతమంది బాగుందన్నా సైటు వాడేవాళ్ళు మాత్రం లేరు. నేను ఎవరి మాట వినాలి? అసలు సలహా ఎలా అడగాలి?

సమాధానం:

టీచరు గారూ,

మీ దగ్గర చదువుకున్న పిల్లలు, వీధిలో రోజూ ఎదురుపడే మనుషులు, గ్రూపులో అందరూ చూస్తుండగా మీ పనికి వంక పెడతారా? పెట్టరు. పెట్టకూడదనే మన ఇళ్ళల్లో నేర్పుతారు. భోజనానికి పిలిచినవాళ్ళు కూర ఎలా ఉందని అడిగితే బాగుందనే అంటాం. రెండోసారి అడిగి వేయించుకున్నామా లేదా అన్నదాన్ని బట్టే వాళ్ళకి సంగతి తెలుస్తుంది. మీ సైటుకీ అంతే. గ్రూపులో వచ్చిన చప్పట్లు మీ మీద ఉన్న గౌరవానికి వచ్చాయి. అవి నిజమైనవే, దాచుకోండి. సైటు ఎలా ఉందన్నది మాత్రం వాటిలో లేదు.

కాబట్టి ‘ఎలా ఉంది’ అని అడగడం మానెయ్యండి. మనిషికి ఒక పని చెప్పి, అది మీ సైటులో చేసుకోమని, పక్కన కూర్చుని చూడండి. నేను చెప్పదలచుకున్నదంతా ఇదే. మిగతాదంతా ఆ కూర్చోవడం ఎలా, చూసినదాన్ని ఏం చేసుకోవాలి అన్నదాని గురించి.

ఎంతమందితో అంటారా, మొదటి విడతకి ఐదుగురు చాలు. సైటులు జనానికి వాడుకోవడానికి వీలుగా ఉన్నాయా అని పరీక్షించే రంగంలో పేరున్న జాకబ్ నీల్సన్ 1993లో టామ్ లాండవర్ అనే ఇంకో పరిశోధకుడితో కలిసి దీనికొక లెక్క కట్టాడు. 2000లో ఆ లెక్కనే మామూలు వాళ్ళకి అర్థమయ్యేలా మళ్ళీ రాశాడు. ఒక్కో మనిషి వాడుతున్నప్పుడు సగటున 31 శాతం ఇబ్బందులు బయటపడతాయనుకుంటే, ఐదో మనిషి లేచేసరికి దాదాపు 85 శాతం బయటపడి ఉంటాయి. ఆరో మనిషీ ఏడో మనిషీ చాలావరకు అవే గుంటల్లో పడతారు. పదిహేను మంది దొరికితే అందరినీ ఒకేసారి కూర్చోబెట్టవద్దని కూడా ఆయనే చెప్పాడు. ఐదుగురిని చూసి, కనిపించినవి సరిచేసి, ఆ తర్వాత ఇంకో ఐదుగురిని పిలవాలి. 31 అన్నది సగటే, మీ సైటుకి అదే అంకె వస్తుందని లేదు. కానీ మీలాంటి ఒంటి చేతి ప్రయత్నానికి ఇంతకన్నా పనికొచ్చే లెక్క నాకు తెలియదు.

ఆ ఐదుగురు వాట్సాప్ గ్రూపులో వాళ్ళు కాకూడదు. మీ శిష్యులు అసలే వద్దు. వార్డు సచివాలయం దగ్గర వరుసలో నిలబడే మనుషుల్ని ఊహించుకోండి, వాళ్ళలో ఎవరెవరికి మీ సైటు అవసరం? వీధి చివర టిఫిన్ బండి నడిపే ఆవిడకి పొద్దున్నే నీళ్ళు కావాలి, పిండి రుబ్బడానికి కరెంటు కావాలి. కాలేజీకి దగ్గర్లో గది వెతుక్కునే అమ్మాయి ఉంటుంది. మోకాళ్ళ నొప్పులతో బయటికి రాలేని పెద్దాయన, ఆటో నడిపే కుర్రాడు ఉంటారు. ఐదో మనిషిగా అమెరికాలోనో హైదరాబాదులోనో ఉండి ఇక్కడ తల్లిదండ్రుల్ని చూసుకోవాల్సిన కొడుకో కూతురో ఒకరుండాలి. అమ్మకి ఆదివారం జ్వరమొస్తే డాక్టరెవరున్నారో అక్కణ్ణించి వెతికేది వాళ్ళే. వీడియో కాల్లో స్క్రీను చూపించమంటే సరిపోతుంది. ఊళ్ళోవాళ్ళూ పైదేశం వాళ్ళూ వాడే తీరు వేరు కాబట్టి, వీలైతే ఒక్కో రకం వాళ్ళు ముగ్గురేసి ఉంటే మంచిది. దొరక్కపోతే ఆగిపోకండి.

ఇక కూర్చోవడం.

వాళ్ళ ఫోనులోనే చూడండి. మీ ఫోను ఇవ్వొద్దు, మీ ఇంటి కంప్యూటరు అసలే వద్దు. వాళ్ళ ఫోనులో అక్షరాల సైజు పెద్దది చేసి ఉంటుంది, స్క్రీను పగిలి ఉంటుంది, వెలుతురు తగ్గించి ఉంటుంది, డేటా అయిపోవచ్చి ఉంటుంది. మీ సైటు బతకాల్సింది అక్కడే. ఎండలో టిఫిన్ బండి దగ్గర చూపించగలిగితే ఇంకా మేలు.

పని చెప్పేటప్పుడు సైటులో ఉన్న మాటలు వాడకండి. ‘విద్యుత్ అంతరాయాల పేజీ తెరవండి’ అంటే సమాధానం మీరే అందించినట్టు. ‘రేపు పొద్దున మీకు కరెంటు ఉంటుందో లేదో చూసి చెప్పండి’ అనండి. ‘ఇవాళ ఆదివారం, బాబుకి వాంతులవుతున్నాయి, ఏ డాక్టరున్నారో చూడండి’ అనండి. ‘ఆరువేల లోపు అద్దెలో రెండు గదుల ఇల్లు కావాలి’ అనండి. మూడు పనులు చాలు, పావుగంటలో అయిపోతాయి. మొదలుపెట్టే ముందు ఒక్క మాట గట్టిగా చెప్పండి: ‘నేను పరీక్ష పెడుతున్నది సైటుకి, మీకు కాదు. మీకు దొరక్కపోతే తప్పు సైటుది.’ మన ఊళ్ళల్లో ఇది చాలా అవసరం. చదువు తక్కువైనవాళ్ళు ‘నాకు తెలియదులెండి’ అని ఫోను తిరిగి ఇచ్చేస్తారు, తప్పు తమదే అనుకుని.

మనసులో అనుకునేది పైకి అంటూ చెయ్యమనండి. 1982లో ఐబీఎంలో క్లేటన్ లూయిస్ ఈ పద్ధతిని కంప్యూటర్ల పనికి తీసుకొచ్చాడు. ఇప్పటికీ దీన్ని మించింది రాలేదు. ‘ఇది నొక్కితే ఏమొస్తుందో... ఇదేదో ప్రకటనలా ఉంది... వెనక్కెట్టా వెళ్ళాలి’ — ఇలాంటి మాటలే మీకు కావాలి. అన్నవి అన్నట్టు కాగితం మీద రాసుకోండి, మీ భాషలోకి మార్చకుండా.

అప్పుడు మీరు నోరు మెదపకూడదు. మీకిది అన్నిటికన్నా కష్టమని నాకు తెలుసు. పిల్లవాడు తడబడితే అందించడం ఇన్నేళ్ళ మీ వృత్తి. ఇక్కడ అందిస్తే మాత్రం మీరు వెతుకుతున్నది పోతుంది. ఆ మనిషి ఆగిన చోట, చూపు అటూ ఇటూ తిరిగిన చోట, వేలు ఒకచోట పెట్టబోయి తీసేసిన చోటే మీ డిజైన్ లోపం ఉంది. ‘ఇప్పుడేం చెయ్యాలండీ’ అని వాళ్ళు అడిగితే, ‘నేను లేకపోతే ఏం చేసేవాళ్ళు?’ అని తిరిగి అడగండి. అంతకుమించి ఒక్క మాట కూడా వద్దు.

ఇలా కూర్చుంటే ఏం కనిపిస్తుందో ఒకటి చెబుతాను. మీ ఊరంతే ఉన్న ఇంకో ఊళ్ళో, ఇటువంటి సైటుకే, ఒక మందుల షాపాయన పక్కన కూర్చున్నాను. రేపు కరెంటు ఉంటుందో లేదో చూడమన్నాను, షాపులో ఇన్సులిన్ ఫ్రిజ్ ఉంది కాబట్టి ఆయనకది నిజంగా కావలసిన విషయం. సైటు తెరవగానే తెర నిండా ఊరి గుడి ఫొటో వచ్చింది. కాసేపటికి అది పక్కకి జరిగి వంతెన ఫొటో వచ్చింది. ఆయన బొటనవేలు తెర మీద ఆగింది. ‘ఇదేందో ప్రకటన వస్తోంది’ అని వెనక్కి నొక్కేశాడు. మళ్ళీ తెరిచాడు. కిందికి జరిపితే అన్నీ ఉన్నాయి, కానీ జరపాలని ఆయనకి తెలిసే గుర్తేదీ అక్కడ లేదు. మూలనున్న మూడు గీతల మెనూ గుర్తు మీద చూపు పడింది, నొక్కలేదు. వెతికే పెట్టె కనిపించింది. అందులో ఇంగ్లీషు అక్షరాలతో ‘కరెంట్ కట్’ అని కొట్టాడు. ఏమీ రాలేదు. ఆ సైటులో ఆ పేజీ పేరు ‘విద్యుత్ సరఫరా అంతరాయాలు’. మర్నాటి కోత వివరాలు ఆ పేజీలో పొద్దుటి నుంచీ ఉన్నాయి. ఆయన మర్యాదగా ‘బాగుందండీ, ఫొటోలు బాగున్నాయి’ అని ఫోను జేబులో పెట్టుకున్నాడు.

గ్రూపులో అడిగి ఉంటే ఆయన కూడా ‘సూపర్’ అనే పెట్టేవాడు.

ఆ పది నిమిషాల్లో బయటపడినవి మీ సైటులోనూ ఉండే అవకాశం చాలా ఎక్కువ. తిరిగే ఫొటోలు చూద్దాం. అమెరికాలో నోటర్‌డామ్ విశ్వవిద్యాలయం తన సైటులో ఇలా తిరిగే బొమ్మల్ని ఎంతమంది నొక్కుతున్నారో లెక్క తీస్తే, వచ్చిన నూరుమందిలో సుమారు ఒక్కరే నొక్కుతున్నట్టు తేలింది. ఆ నొక్కినవాళ్ళలోనూ అత్యధికులు మొదటి బొమ్మనే నొక్కారు. 2013లో ఈ అంకెలు బయటికొచ్చాయి, ఈ పని తెలిసినవాళ్ళు చాలామంది తిరిగే బొమ్మలు వద్దనే అంటారు, మన ఊరి సైటులు మాత్రం ఇంకా మానలేదు. మీ కాలవల ఫొటోలు అందంగా ఉంటాయి, కాదనను. వాటిని చరిత్ర పేజీకి పంపండి. తెరవగానే కనిపించే చోట ఇవాళ నీళ్ళు ఎప్పుడు, రేపు కరెంటు ఎక్కడ లేదు, ఈ ఆదివారం ఏ షాపు తీసి ఉంది అన్న మూడు ముక్కలూ నేరుగా ఉండాలి. నొక్కాల్సిన అవసరం కూడా లేకుండా.

తర్వాత మాటలు. మన దగ్గర సైటు పెట్టేవాళ్ళందరికీ రాయడం మొదలుపెట్టగానే పత్రికల తెలుగో, ఆఫీసుల తెలుగో వచ్చేస్తుంది. మీరు టీచరు, మీకు ఇంకా ఎక్కువ వస్తుంది. ‘గృహ అద్దె సమాచారం’ అని పెడతారు, జనం ‘టులెట్’ అని వెతుకుతారు. ‘తాగునీటి సరఫరా సమయాలు’ అని పెడతారు, జనం ‘కుళాయి ఎప్పుడొస్తది’ అనుకుంటారు. దీనికి చిన్న పని ఉంది. సైటులో ఉన్న విషయాలన్నిటినీ ఒక్కో చీటీ మీద రాసి, ఆ ఐదుగురికే ఇచ్చి, కలిసి ఉండాల్సినవి ఒకచోట పెట్టమనండి. పెట్టాక ఒక్కో కుప్పకీ పేరు పెట్టమనండి. వాళ్ళు పెట్టిన పేర్లే మీ మెనూ. వెతికే పెట్టె ఉంటే ఇంగ్లీషు అక్షరాల్లో కొట్టినా దొరికేలా, ప్రతి పేజీకి ఆ మాటలు కూడా తగిలించమని మీ కుర్రాడికి చెప్పండి. మనవాళ్ళలో చాలామంది ఫోనులో తెలుగు కొట్టరు. ఇంగ్లీషు అక్షరాల్లో కొడతారు, లేకపోతే మైకు నొక్కి మాట్లాడతారు.

మీ ఉత్తరంలో నాకు బాగా ఆసక్తి కలిగించింది రంగు మార్చమన్న ఆయన. అందరిలోనూ ఆయన ఒక్కడే ఏదో చెప్పడానికి ప్రయత్నించాడు. జనం సాధారణంగా ఇబ్బంది చెప్పరు, తమకు తోచిన మందు చెబుతారు. రంగు మార్చండి, అక్షరాలు పెద్దవి చెయ్యండి, ఆ పేజీ తీసెయ్యండి అంటారు. ఆ మందు వెనక జబ్బేమిటో మీరు అడిగి తెలుసుకోవాలి. ఆయన దగ్గరికి వెళ్ళి ‘ఎక్కడ చూసినప్పుడు అలా అనిపించింది?’ అని అడగండి. వాదించొద్దు, మీ రంగు ఎందుకు మంచిదో చెప్పొద్దు.

నాకు తోచినవి రెండున్నాయి. ఒకటి, అక్షరాలు కనిపించకపోవడం. తెల్లటి నేల మీద లేత బూడిద రంగు అక్షరాలు ఈ మధ్య థీముల్లో, అంటే సైటులకి తయారుగా దొరికే డిజైన్లలో, బాగా వస్తున్నాయి. నీడపట్టున బాగుంటాయి, ఎండలో మాయమవుతాయి. వెబ్ ప్రమాణాలు చూసే డబ్ల్యూ3సీ సంస్థ మామూలు అక్షరాలకీ నేలకీ మధ్య వెలుతురు తేడా కనీసం 4.5:1 ఉండాలంటుంది, పెద్ద అక్షరాలకైతే 3:1 చాలంటుంది. దీన్ని కొలిచిపెట్టే ఉచిత పరికరాలు బోలెడున్నాయి. మీ బెంగళూరు అబ్బాయికి చెబితే రెండు నిమిషాల్లో చూసి చెబుతాడు.

రెండోది మన రాష్ట్రంలో మరీ ముఖ్యం. ఇక్కడ రంగుకి పార్టీ ఉంటుంది. పసుపు చూస్తే ఒకటి, నీలం ఆకుపచ్చ కలిసి కనిపిస్తే ఇంకొకటి. తెలంగాణలో గులాబీ రంగైతే వేరే చెప్పక్కర్లేదు. పంచాయతీ భవనాలకి పార్టీ రంగులు వేశారని ఆంధ్రప్రదేశ్‌లో 2020లో వ్యవహారం హైకోర్టుకీ, అక్కణ్ణించి సుప్రీంకోర్టుకీ వెళ్ళింది. రంగులు తీసెయ్యమన్నారు. మీరు ఏ ఉద్దేశం లేకుండా పసుపు పెట్టి ఉండొచ్చు, పసుపు శుభమని. కానీ సైటు తెరవగానే ‘ఇది వాళ్ళదన్నమాట’ అని సగంమంది మూసేస్తే, ఆ సంగతి మీకు ఎవరూ చెప్పరు. మహా అయితే ఒకరు ‘రంగు మార్చండి’ అని ఊరుకుంటారు. ఊరందరిదీ కావలసిన సైటుకి నేను వాడేది ముదురు గోధుమ రంగో, నేరేడు పండు రంగో, అదీ శీర్షికలకి మాత్రమే. మిగతాదంతా తెలుపు మీద నలుపు.

ఇప్పుడు మీ మేనల్లుడి సంగతి. అతని మాట కొట్టిపారెయ్యకండి, మొత్తంగా తీసుకోకండి కూడా. అతనికి తెలిసినవి ఊళ్ళోవాళ్ళు చెప్పలేరు, ఊళ్ళోవాళ్ళు చూపించేవి అతనికి తోచవు. ‘ఎలా ఉందిరా’ అని అతన్నడిగారు, అతను ‘పాతకాలం’ అన్నాడు. అంత పెద్ద ప్రశ్నకి అంత పెద్ద సమాధానమే వస్తుంది. ఈసారి అతనికి మూడు విషయాలు ముందు చెప్పండి: సైటు ఎవరి కోసం, ఏది మార్చడం నా వల్ల కాదు (డబ్బు, సమయం, కుర్రాడి నేర్పు), ఏది తెలుసుకోవాలనుంది. తర్వాత ఐదుగురి దగ్గర రాసుకున్న కాగితాలు పంపించి, ‘వీళ్ళు ఇక్కడిక్కడ ఆగిపోయారు, ఎందుకంటావు?’ అని అడగండి. మంచి డిజైనరుకి ఇంతకన్నా నచ్చే పని ఉండదు. మొత్తం తీసేసి కట్టాలన్న మాట చాలావరకు అక్కడే చల్లారుతుంది.

అతన్ని తప్పకుండా చూడమనాల్సింది తెలుగు అక్షరాల సంగతి. థీములన్నీ ఇంగ్లీషుని మనసులో పెట్టుకుని చేసినవి. మనకి పైన గుడులూ కింద వత్తులూ ఉంటాయి. వరుసల మధ్య ఎడం ఇంగ్లీషుకి సరిపోయినంతే ఉంటే పై వరుస వత్తులు కింది వరుస గుడుల్లో ఇరుక్కుంటాయి, కొన్నిచోట్ల తెగిపోతాయి. ‘రాష్ట్రం’, ‘స్వాతంత్ర్యం’, ‘వైశిష్ట్యం’ అన్న మాటలు శీర్షికలోనూ, బటన్ మీదా, మెనూలోనూ పెట్టి చూడమనండి, తెగేవన్నీ అక్కడే బయటపడతాయి. వరుస ఎడం అక్షరం సైజుకి 1.6 నుంచి 1.8 రెట్లు ఉంటే కళ్ళకి హాయి. లావు అక్షరాల దగ్గర ఇంకో చిక్కుంది. ఫాంటులో అసలైన బోల్డు లేకపోతే బ్రౌజరే అక్షరాన్ని ఉబ్బిస్తుంది. లోపలి ఖాళీలు పూడిపోయి ‘ప’కీ ‘ష’కీ తేడా తెలియకుండా పోతుంది. చదివే వచనానికి ‘నోటో సాన్స్ తెలుగు’ గానీ, ‘మండలి’ గానీ పెట్టండి. రామభద్ర లాంటి బలమైన ఫాంటులు శీర్షికలకి బాగుంటాయి, పేరాలకి పనికిరావు. ఇవన్నీ ఉచితంగా దొరికేవే. ఇక నొక్కే బటన్ల సైజు: 2023లో వచ్చిన డబ్ల్యూ3సీ మార్గదర్శకాల్లో కనీసం 24 పిక్సెళ్ళు (తెర మీద కొలతకి వాడే చుక్కలు) అని ఉంది. టిఫిన్ బండి దగ్గర తడిచేత్తో నొక్కేవాళ్ళకి అది చాలదు, 48 పెట్టమనండి.

మున్సిపాలిటీ కాగితాన్ని ఫొటో తీసి అలాగే పెట్టే అలవాటు మీకుంటే మానెయ్యండి. ఫొటోలో ఉన్న అక్షరాలు మీ సైటులో వెతికితే దొరకవు, చూపు లేనివాళ్ళ కోసం ఫోనులో ఉండే టాక్‌బ్యాక్ వాటిని సరిగా చదవలేదు. డీటీపీ షాపులో అను ఫాంటుల్లో కొట్టిన ప్రకటన తెచ్చి అతికిస్తే తెర మీద పిచ్చిగీతలు వస్తాయి. అందులో ఉన్న రెండు ముక్కలూ ఏ ఫోనులోనైనా కనిపించే మామూలు యూనికోడ్ తెలుగులో మీరే టైపు చెయ్యండి. ఫొటో కింద ఉంటే ఉండనివ్వండి, సాక్ష్యంగా.

ఒక పేజీ గురించి మాత్రం ఎంతమందిని కూర్చోబెట్టినా మీకు ఫిర్యాదు రాదు, అందుకే నేను చెబుతున్నాను. రక్తదాతల పేజీ. పేర్లూ ఫోను నంబర్లూ అందరికీ కనిపించేలా ఉన్నాయంటే, ఇవాళే తీసెయ్యండి. రక్తం ఇస్తానని ముందుకొచ్చిన అమ్మాయికి ఆ నంబరు పట్టుకుని ఎవరెవరో ఫోన్లు చేస్తారు. ఆ అమ్మాయి మీతో చెప్పదు, మొహమాటపడి ఊరుకుంటుంది, నంబరు మార్చుకుంటుంది, ఇంకెప్పుడూ ఏ పేరూ ఇవ్వదు. 2023లో వచ్చిన డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం కూడా మనిషి సమ్మతి మీదే నిలబడింది. ఏ గ్రూపు దాతలు ఎంతమంది ఉన్నారో మాత్రం చూపించండి. కావలసినవాళ్ళు మీకో ఇంకొక నమ్మకస్తుడికో ఫోను చేస్తే, మీరు దాతని అడిగి కలపండి. పక్కనే కేంద్ర ఆరోగ్యశాఖ వాళ్ళ ఈ-రక్తకోశ్ లింకు పెట్టండి, ఏ బ్లడ్ బ్యాంకులో ఏ గ్రూపు నిల్వ ఉందో అక్కడ కనిపిస్తుంది.

వచ్చే సలహాల్లో కొన్ని ‘ఇదీ పెట్టండి, అదీ పెట్టండి’ అనేవి ఉంటాయి. ఇంటి పన్ను కట్టే వీలు పెట్టండి, సర్టిఫికెట్లు పెట్టండి అంటారు. 2025 జనవరిలో రాష్ట్ర ప్రభుత్వం వాట్సాప్‌లో ‘మన మిత్ర’ మొదలుపెట్టింది, మొదట్లోనే 161 సేవలతో. అందులో ఉన్నవాటిని మీరు మళ్ళీ మొయ్యక్కర్లేదు, దారి చూపిస్తే చాలు. కుళాయి ఏ వీధిలో ఎప్పుడొస్తుందన్నది మీలాంటి ఊరి మనిషి తప్ప ఎవరూ రాయరు. మీ శ్రమ అక్కడ పెట్టండి. దాని మీద నాకు చాలా ఆశ ఉంది, అందుకే ఇంత పొడుగ్గా రాస్తున్నాను.

ఐదుగురూ అయ్యాక కాగితాలన్నీ పక్కపక్కన పరుచుకోండి. ఇద్దరు ముగ్గురు ఒకేచోట ఆగిపోయి ఉంటే అది ముందు సరిచెయ్యండి. ఒక్కరే ఆగినా, అది డాక్టరు ఫోను నంబరు దొరకకపోవడం లాంటిదైతే దాన్నీ వాయిదా వెయ్యకండి. నచ్చింది నచ్చలేదు అన్నవి పక్కన పెట్టండి, తర్వాతి విడతలో మళ్ళీ వస్తే అప్పుడు చూద్దురుగాని. పెద్ద మార్పు ఏదైనా చెయ్యాలనుకుంటే కంప్యూటరులో చెయ్యకముందే కాగితం మీద పెన్నుతో గీసి చూపించండి. చక్కగా తయారైన తెరని చూస్తే ‘పాపం ఎంత కష్టపడ్డారో’ అని జనం తప్పు పట్టరు. పెన్ను గీతల్ని మాత్రం ధైర్యంగా కొట్టేస్తారు, పెన్ను లాక్కుని తామే గీస్తారు.

గూగుల్ ఫారం పెట్టి పది ప్రశ్నలు అడగాలని మీ బెంగళూరు అబ్బాయి అంటాడు. వద్దు. దానికి బదులు ప్రతి పేజీ అడుగున ఒక్క వరుస పెట్టండి: ‘ఇక్కడ తప్పుందా? ఈ నంబరుకి వాట్సాప్‌లో చెప్పండి, మాట్లాడి పంపినా చాలు.’ రాయడం ఇష్టం లేనివాళ్ళు వాయిస్ మెసేజి పెడతారు. మీ సొంత నంబరు కాకుండా దీనికోసం వేరే సిమ్ తీసుకోండి. పేజీ పైన ‘సరిచూసిన తేదీ’ అని ఒక తేదీ వెయ్యండి. పాతబడిన నీళ్ళ వేళ ఒక్కసారి తగిలితే ఆ మనిషి మళ్ళీ సైటు తెరవడు, ఎంత అందంగా ఉన్నా. ఎవరైనా చెప్పింది సరిచేసినప్పుడు గ్రూపులో పేరుపెట్టి చెప్పండి, వాళ్ళకి ఇష్టమైతేనే: ‘ఫలానా వారు చెబితే ఆదివారం షాపుల పట్టిక పైకి తెచ్చాం’ అని. చెబితే మారుతుందని కళ్ళారా చూశాక, వంక పెట్టడానికి మొహమాటపడేవాళ్ళు తగ్గుతారు. అప్పుడు మీ గ్రూపు కూడా పనికొస్తుంది.

ఇక మీ వార్డు నాయకుడు గారి ఫొటో. రంగు గురించి చెప్పిందే దీనికీ వర్తిస్తుంది, ఒకరి ఫొటో పెట్టగానే మిగతావాళ్ళు సైటు వదిలేస్తారు. కానీ ‘కుదరదండీ’ అని ఒక్కమాటలో చెబితే మీరు ఆ వీధిలో ఉండలేరు, ఆ ఇబ్బంది నాకు అర్థమైంది. ఈ సైటులో ఎవరి ఫొటోలూ పెట్టకూడదని నియమం పెట్టుకున్నామని చెప్పండి, మీ ఫొటో ఉంటే ముందు అది తీసెయ్యండి. తర్వాత ఆయన్నీ రెండో విడత ఐదుగురిలో ఒకరిగా పిలవండి. ఆయన ఫోనులోనే సైటు తెరిపించి, ఆయన ఉండే వీధికి రేపు నీళ్ళు ఎప్పుడొస్తాయో వెతకమనండి. దొరికితే సంతోషం. దొరక్కపోతే, మున్సిపాలిటీ నుంచి ఆ వేళలు ముందురోజు సాయంత్రానికల్లా మీకు అందేలా చూడమని ఆయన్నే అడగండి. ఊళ్ళో ఆ పని చేయించగలిగేది వాళ్ళే.